సరుకు బాగా అందింది

మా స్టూడియోలో పెళ్లి వీడియో తీయించుకున్నవాళ్లెవరూ కత్తెరమ్మను చూసి ఉండరు. ఆమె మాత్రం వాళ్లందరినీ చూసింది. పెళ్లికూతురు ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో, ఏ మేనమామ భోజనాల దగ్గర అలిగి వెళ్లిపోయాడో, ఏ తోడికోడళ్లు ఒకే ఫోటోలో భుజాలు కలిపి నిలబడి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదో ఆమెకు తెలుసు. నేనూ నా కెమెరామెన్లూ మోసుకొచ్చే తొమ్మిది గంటల గందరగోళాన్ని కోసి, అతికించి గంటన్నర పెళ్లిగా మార్చేది ఆమే. చేతిలో ఎప్పుడూ కత్తెర పట్టింది లేదు, అంతా కంప్యూటరే. అయినా ఎవరో ఒకరోజు ఆ పేరు పెట్టారు, అది అతుక్కుపోయింది.

వయసు నలభై ఆరు. కళ్లజోళ్ల దుకాణం పైన ఒక గది, దాన్ని ఆనుకుని వంటకి కాస్త చోటు. కంప్యూటర్ తెర మీద వెలుగు పడకూడదని పగలంతా కిటికీకి మందపాటి దుప్పటి కట్టి ఉంచుతుంది. గోడవారగా రాక్ నిండా హార్డ్ డిస్కులు, ఒక్కోదాని మీద కాగితపు టేపు అంటించి పెళ్లి తేదీ, పెళ్లికొడుకు ఇంటిపేరు రాసి ఉంటాయి. కుర్చీ ఒకటే. నేను వెళ్తే లేచి ఆ కుర్చీ నాకివ్వబోయేది. ఆ మొహమాటం ఎందుకని నేను గుమ్మంలోనే నిలబడి, డిస్కు అందించి, పని చెప్పేసి మెట్లు దిగిపోయేవాణ్ణి. పదహారేళ్లు అలాగే గడిచాయి.

ఆమెకు ఎవరూ లేరనడానికి వీల్లేదు. తమ్ముడు ఊళ్లోనే ఉన్నాడు. నెలకోసారి ఫోన్ చేసి “ఎలా ఉన్నావక్కా” అంటాడు. ఆమె నోరు విప్పేలోపే “సరే అయితే, ఉంటాను” అంటాడు. అలాంటి తమ్ముళ్లని ఏమీ అనలేం, ఎందుకంటే వాళ్లు ఫోన్ చేయడం లేదని ఎవరూ నిందించలేరు.

ఒకసారి కూరగాయల దుకాణం దగ్గర నా కళ్ల ముందే జరిగింది. చంకలో బిడ్డతో ఒక అమ్మాయి టమాటాలు ఏరుకుంటోంది. కత్తెరమ్మ ఆ అమ్మాయిని చూసి మొహమంతా నవ్వుచేసుకుని “మీ నాన్నగారి మోకాలు ఎలా ఉందమ్మా ఇప్పుడు?” అని అడిగింది. ఆ అమ్మాయి బిత్తరపోయి, సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, “మీరెవరండీ?” అంది. మూడేళ్ల కిందటి పెళ్లి వీడియోలో వాళ్ల నాన్న కుంటుతూ నడవడం ఈమె వారం రోజులపాటు చూసింది మరి. ఏం చెబుతుంది? “పొరపాటు పడ్డానమ్మా” అని పక్కకి తప్పుకుంది. నేనది కనబడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె ఒకరోజు పొద్దున్నే, నేను స్టూడియో షట్టర్ సగం ఎత్తానో లేదో, వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో ఏదో ప్రింటు కాగితం.

“అన్నయ్యా, మన స్టూడియో లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కావాలి.”

“దేనికి?”

“డ్రోన్ కొన్నాను. విదేశం నుంచి. కస్టమ్స్‌లో ఆపేశారు. దేనికి వాడతారో ఏదైనా సంస్థ రాసిస్తే వదులుతారట.”

“డ్రోనా? నువ్వా? మెట్లు దిగి రావడానికే పది రోజులు ఆలోచిస్తావు కదమ్మా.”

“కొత్తది కాదులెండి. పాతదాన్ని బాగుచేసి, పరీక్ష చేసి మళ్లీ అమ్ముతారు. పావుకిలో కూడా ఉండదు. ఒక చిన్న సినిమా తీద్దామని.”

నాకు నవ్వాగలేదు. మన పెళ్లిళ్లకి వచ్చే డ్రోన్ అతన్ని పిలిస్తే గంటలో తీసిపెట్టి పోయేవాడు కదా అన్నాను. ఆమె నవ్వలేదు. “వాళ్లూ వీళ్లూ తీసినవి పదహారేళ్లుగా కోస్తున్నానన్నయ్యా. ఒక్కటి నేను తీసుకుంటాను” అంది. సరే, నాదేం పోయింది? ‘చలనచిత్ర నిర్మాణ నిమిత్తం’ అని పెద్ద పెద్ద మాటలతో ఉత్తరం రాసి, స్టాంపు గుద్ది, సంతకం పెట్టి ఇచ్చాను. వారంలో పార్సిల్ వచ్చిందని తెలిసింది. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

మూడు వారాలు తిరిగేసరికి, మధ్యాహ్నం నేను భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అన్నయ్యా, నేనొక తప్పు చేశాను.”

 అప్పుడు ఆమె దగ్గర ఇంకా పని పూర్తికాని మూడు పెళ్లిళ్ల డిస్కులున్నాయి. ఏ పెళ్లి చెరిగిపోయిందోనని హడలిపోయాను. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి “మొదటినుంచీ చదవండి” అంది. అది ఆ డ్రోన్ కొన్న సైటులో, అమ్మినాయనకీ ఈమెకీ మధ్య జరిగిన చాట్.

అమ్మినాయన అంటే యజమాని కాదు. అక్కడ పెద్ద దుకాణం, అందులో వరసగా రిపేరు బల్లలు. ఆర్డర్ ఏ బల్లకి వెళ్తే ఆ బల్ల మీదాయన కొన్నవాళ్లతో మాట్లాడాలి. పేరుండదు, బల్ల నంబరు ఒక్కటే. ఆయన తన భాషలో రాస్తాడు, సైటు దాన్ని తెలుగులోకి మార్చి చూపిస్తుంది. ఆ తెలుగు సంగతి చెప్పాలంటే, శిలాశాసనం చదువుతున్నట్టు ఉంది.

‘గౌరవ కొనుగోలుదారునికి శుభోదయము. మీ యంత్రము యొక్క ఎడమ వెనుక చేయి విరిగి ఉండెను. నేను దానిని మార్చితిని. ఇప్పుడు అది ఆరోగ్యముగా ఉన్నది.’

దానికి ఈమె జవాబు: ‘మా దగ్గర మనుషుల గురించి కూడా ఇంత మర్యాదగా చెప్పరండీ.’

మర్నాడు ఆయన: ‘మీరు దీనితో ఏమి చిత్రీకరించెదరు?’

ఆ ప్రశ్న దగ్గర నేను కాస్త ఆగాను. సినిమా అని ఆమె నా ముందు అన్నప్పుడు నాకు తట్టని ప్రశ్న అది. కింద ఆమె రాసిన జవాబు తెరంతా ఆక్రమించింది. మనిషితో నాలుగు ముక్కలకి మించి మాట్లాడని కత్తెరమ్మ అక్కడ కాగితాల కొద్దీ రాసింది.

‘మా వీధిలో డాబాల మీద ఉన్న సామాన్ల గురించి. ఇంట్లో ఉంచుకోలేనివీ, పారేయడానికి మనసొప్పనివీ జనం పైకెక్కించేస్తారు. కాలు విరిగిన ఉయ్యాల, పాత చక్రాల కుర్చీ, తలుపు లేని బీరువా. కిందినుంచి ఎవరికీ కనబడవు. మా మేడ మీద నిలబడితే అటు రెండు డాబాలు, ఇటు రెండు డాబాలు కనిపిస్తాయి, అంతే. మొత్తం వీధిని పైనుంచి ఒక్కసారి చూడాలి. మా అమ్మ మంచం కూడా పైనే ఉంది. ఐదేళ్లయింది. వానకి పాడైపోయింది. దించనూ లేను, పారేయనూ లేను.’

ఆయన: ‘నా పైకప్పు మీద చేపల తొట్టి కలదు. చేపలు లేవు. ఉల్లికాడలు కలవు.’

ఆ తర్వాత రోజూ ఉత్తరాలే. యంత్రం ఎలా ఎగురుతోందో చూపించడానికి ఆయన రెండు నిమిషాల వీడియో పంపాడు. మామూలుగా దుకాణం వెనక ఖాళీ స్థలంలో ఎగరేసి పంపాలట. ఈయన ఇంటికి తీసుకెళ్లి తన పైకప్పు మీదినుంచి ఎగరేశాడు. చేపల తొట్టి కనిపించింది, ఉల్లికాడలు కనిపించాయి, ఒక మూల బట్టతల ఆయన రిమోట్ మీదికి తల వంచుకుని కనిపించాడు. ఈమె అడిగింది, ‘మీరు ఒక్కసారైనా పైకి చూడలేదేం?’ అని. ‘నేను తెరలో చూచుచుంటిని’ అని ఆయన. దానికి ఈమె ‘నేనూ అంతే’ అని రాసింది.

చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, ఎక్కడో చురుక్కుమనీ అనిపించింది. తల ఎత్తి “ఇందులో తప్పేముందమ్మా?” అన్నాను.

“ఇంకా చదవండి.”

ఆ సైటుకి ఒక రూలుంది. పార్సిల్ చేరిన పదిహేను రోజుల్లోగా ‘సరుకు బాగా అందింది’ అనే బటన్ నొక్కాలి. అది నొక్కితే బేరం పూర్తయినట్టు, చాట్ అక్కడితో మూసుకుపోతుంది. నొక్కకపోయినా పదిహేనో రోజున దానంతటదే మూసుకుపోతుంది. ఫోన్ నంబరు రాస్తే సైటు దాన్ని చుక్కలుగా మార్చేస్తుంది. బేరాలు బయట జరగకూడదని వాళ్ల ఏర్పాటు. ఈమె రెండుసార్లు రాసినట్టుంది, రెండుసార్లూ పది చుక్కలు.

పార్సిల్ చేరింది. ఈమె దాన్ని విప్పి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది. ఎగరేస్తే బాగుందో లేదో చెప్పాలి. బాగుందని చెబితే బటన్ నొక్కాలి. ‘పరీక్షించితిరా?’ అని ఆయన అడిగిన ప్రతిసారీ ‘ఇక్కడ గాలిగా ఉంది’ అని రాసింది. చెట్టు మీద ఆకు కదలని రోజులవి. ఉక్కకి మా కెమెరామెన్లు స్పృహ తప్పేలా ఉన్నారు. ‘ఓపిక గల కొనుగోలుదారు’ అని ఆయన మెచ్చుకున్నాడు పాపం.

పద్నాలుగో రోజున ఈమె ఇంకో బటన్ నొక్కింది. ‘సమస్య ఉంది’ అన్నది. ఫిర్యాదు ఉంటే చాట్ ఇంకో పదిహేను రోజులు తెరిచి ఉంటుందట. సమస్య ఏమిటో రాయమని గడి వచ్చింది. ఒక్కసారి కూడా ఎగరేయని యంత్రానికి ఏం రోగం రాస్తుంది? తెలిసింది ఒక్కటే కనక అదే రాసేసింది. ఎడమ వెనుక చెయ్యి వణుకుతోంది అని.

అది ఆయన తన చేతులతో మార్చిన చెయ్యి.

ఆ తర్వాత ఆయన రాసినవి చదవడానికి నాకే కష్టమైంది. ‘ఇది నా దోషము. స్క్రూలు నేను స్వయముగా బిగించితిని.’ ‘ఆదివారము అంతయు అదే రకపు చేతిని మరియొక యంత్రమునకు అమర్చి పరీక్షించితిని. వణుకు లేదు. నాకు అర్థము కాకున్నది.’ ‘దయచేసి వీడియో పంపగలరు.’ వాటికి ఈమె ‘పరవాలేదు, తొందరేం లేదు’ అని రాసింది. ‘ఉల్లికాడలు ఎలా ఉన్నాయి?’ అని కూడా రాసింది. ఆ ప్రశ్నకి ఆయన జవాబివ్వలేదు. చివరి ఉత్తరం ఆ ఉదయమే వచ్చింది.

‘గౌరవ కొనుగోలుదారునికి. నెలాఖరు జాబితాలో ఈ ఫిర్యాదు ఉన్నచో నన్ను మరమ్మతు బల్ల నుండి ప్యాకింగ్ బల్లకు మార్చెదరు. నేను పదకొండు సంవత్సరములు మరమ్మతు చేసితిని. కారణము తెలిసిన చాలును.’

ఫోన్ బల్ల మీద పెట్టాను. నాకు కోపమొస్తే నోరు ఆగదు. “ఒకడి పొట్ట మీద కొట్టావు కదమ్మా” అన్నాను. ఆమె “అవునన్నయ్యా” అంది. ఏదో ఒకటి సమర్థించుకుంటే ఇంకో నాలుగు అనేవాణ్ణి. అలా ఒప్పుకునేసరికి నా కోపం దిగిపోయింది.

“సరే, ఇప్పుడేం మించిపోయింది? నెలాఖరుకి ఇంకా మూడు రోజులుంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుని, బాగా అందిందని నొక్కి పారెయ్.”

“నొక్కితే చాట్ పోతుంది.”

“పోతే పోనీ.”

 నేను మాట మార్చి, అసలు ఆ యంత్రం బాగుందో లేదో చూశావా, నిజంగానే వణుకుతోందేమో అన్నాను. అంతవరకూ ఎగరేయలేదు కనక ఆమెకీ తెలియదు. వెళ్లి పెట్టె తెచ్చింది. ఇద్దరం స్టూడియో డాబా మీదికి ఎక్కాం.

అరచేతిలో పట్టే యంత్రం. రెక్కలు తిరిగే నాలుగు చేతులూ విప్పదీసింది. ఎడమ వెనుక చెయ్యి మిగతా మూడింటికంటే కాస్త కొత్తగా మెరుస్తోంది. యంత్రం నిక్షేపంలా లేచింది. లేచి, మా తలల పైన ఒక చోట నిలబడిపోయింది, గోడకి మేకు కొట్టి తగిలించినట్టు. రిమోట్‌కి తగిలించిన ఫోన్లో చూశాను. వీధి మొత్తం కనిపించింది. పదహారేళ్లుగా నేను షట్టర్ ఎత్తి దించుతున్న వీధి. ఎవరింటి పైన చూసినా ఏదో ఒకటి ఉంది. విరిగిన సైకిలు, మట్టి ఎండిపోయిన కుండీలు, ఒకరి డాబా మీద ఏకంగా పడవంత సోఫా. మా డాబా మీద నేను చుట్టి పడేసిన పాత తెరలు, ఒకప్పుడు ఫోటోలకి వెనక కట్టిన తోట బొమ్మలూ మెట్ల బొమ్మలూ, ఎండకి వెలిసి చిరుగులు పట్టి ఉన్నాయి. యంత్రాన్ని మెల్లగా కళ్లజోళ్ల దుకాణం వైపు పోనిచ్చింది. ఆ మేడ మీద ఒక మంచం.

దాని పైన చాలాసేపు నిలిపింది. ఆయన మార్చిన చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు.

“ఎంత బాగుందో చూడండన్నయ్యా” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. యంత్రం దిగాక మళ్లీ మామూలుగా అయిపోయింది. ఇక సాకు లేదని ఇద్దరికీ తెలుసు.

ఏం రాయాలో నన్ను చెప్పమంది. నేను నా లెటర్‌హెడ్ భాషలో నాలుగు వాక్యాలు చెప్పాను. అందులో ఒక్క ముక్క కూడా వాడుకోలేదు. తనే రాసుకుంది.

‘మీ పనిలో తప్పు లేదు. యంత్రం చాలా బాగుంది, ఇవాళే మొదటిసారి ఎగరేశాను. బాగుందని చెబితే మన మాటలు ఆగిపోతాయని అబద్ధం చెప్పాను. మిమ్మల్ని ఇంత బాధపెడుతుందని అనుకోలేదు. క్షమించండి. ఒక్క మాట రాయండి. వెంటనే నొక్కేస్తాను.’

“ముందు నొక్కెయ్యమ్మా, ఆయన ఉద్యోగం” అన్నాను.

“గడువు ఉంది కదన్నయ్యా. ఒక్క మాట. తిట్టినా సరే.”

ఆ రెండు రోజులూ పగలు ఆమె తన గదికి పోలేదంటే పోలేదు. నేను షట్టర్ ఎత్తే వేళకి వచ్చి, సాయంత్రం దించేదాకా స్టూడియోలోనే కూర్చుంది. ఫోన్ బల్ల మీద, చూపు ఫోన్ మీద. ఆయన చదివాడని గుర్తు మొదటి గంటలోనే పడింది. జవాబు లేదు. నేను మధ్యమధ్యలో ఆల్బమ్ కవర్ల గురించి, రాబోయే పెళ్లి గురించి ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. ఆమె ఊఁ కొడుతూ వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చినట్టు ఫోన్ టింగుమంది. ఆమె తీయలేదు. నన్ను చదవమన్నట్టు నా వైపు జరిపింది.

‘గౌరవ కొనుగోలుదారునికి. నిజము తెలిపినందుకు కృతజ్ఞతలు. దయచేసి బటన్ నేడే నొక్కగలరు. జాబితా రేపు పంపబడును.’

కిందికి జరిపి చూశాను, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. “ఇంతేనా? చేపల తొట్టి గురించి పురాణం విప్పినవాడికి రెండు ముక్కలు ఎక్కువ రాయడానికి చేతులు రాలేదా?”

“ఆయన్ని ఏమీ అనకండి. ఆయన భయం ఆయనది” అంది కత్తెరమ్మ. ఫోన్ తీసుకుంది. కారణం అడిగిన గడిలో ‘పొరపాటు నాదే’ అని రాసింది. ఫిర్యాదు పోయింది. ఆకుపచ్చ బటన్ వచ్చింది. నొక్కింది. ‘సరుకు బాగా అందింది. ధన్యవాదములు. ఈ సంభాషణ ముగిసినది’ అని తెర బూడిద రంగులోకి మారింది. ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగితే ఐదూ ఇచ్చింది. రాయడానికి చోటుంటుందేమోనని చూసింది. లేదు.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. ఆడవాళ్లని ఓదార్చడం నాకు చేతకాదు, మగవాళ్లనైతే అసలే చేతకాదు. ఏదో ఒకటి అనాలి కదా అని, “పోనీలేమ్మా, ఇందులో బాధపడటానికేముంది? అలాంటివాళ్లకి నీలాంటి కొనుగోలుదార్లు వందమంది ఉంటారు” అన్నాను.

“తెలుసన్నయ్యా. ఆయనకి నాలాంటివాళ్లు వందమంది. నాకు మాట్లాడేవాళ్లు ఆయనొక్కరే” అంది.

పదహారేళ్లుగా ఆమెకు పని ఇస్తున్నవాణ్ణి, రెండు రోజులుగా పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నవాణ్ణి, ఆ మాట అన్నప్పుడు ఆమెకు మూరెడు దూరంలో ఉన్నాను. నన్ను దెప్పాలని అన్నది కాదు. అలా దెప్పడం ఆమెకు రాదు. నేను ఉన్నానన్న సంగతే ఆమెకు తట్టలేదు. కాదమ్మా, నేను లేనా అందామని నోరు తెరిచాను. అబద్ధమని ఇద్దరికీ తెలిసిన మాట పైకి రాలేదు.